కరోబా కాన్సులుకు భోజనం పిలుపు

ఉపేంద్రకు పదవి పిచ్చి అని ఊళ్ళో అనేవాళ్ళున్నారు. అది తప్పు. పదవంటూ ఉంటే కదా పిచ్చి ముదరడానికి? ఆయనకున్నది పదవి లేదన్న దిగులు. సర్పంచిగా నిలబడి ఓడాడు. ఎంపీటీసీగా ఓడాడు. సొసైటీ ప్రెసిడెంటుగా ఓడాడు. ఆఖరికి నీటి సంఘానికి నిలబడదామని తెల్లబట్టలు కుట్టించుకుంటే, ఆ ఏడు ఎన్నికలే పెట్టలేదు. ఏదో ఒకనాటికి బోర్డు తగిలించకపోతానా అని గేటు పక్కన కట్టించుకున్న సిమెంటు పలక, ఇల్లు కట్టిన నాటినుంచీ ఖాళీగానే ఉంది. పిల్లలు దానిమీద బొగ్గుతో వికెట్లు గీసుకుని క్రికెట్ ఆడుకునేవాళ్ళు.

ఓడిన ప్రతిసారీ గెలిచింది వెంకట్రామయ్య, కాకపోతే వెంకట్రామయ్య నిలబెట్టినవాడు. ఆ వెంకట్రామయ్య పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. ఉపేంద్ర సొంత అక్క సరస్వతమ్మ మొగుడు.

నడిగడ్డపాలెం రెంటచింతలకు దగ్గర్లోనే. ఎండలకు పేరు రెంటచింతలకొచ్చింది గానీ నిజంగా మాడేది మేమేనని ఈ ఊరివాళ్ళ ఫిర్యాదు. ఊరి మధ్యగా సిమెంటు రోడ్డు. తూర్పు బజారు ఉపేంద్ర వర్గం, పడమటి బజారు వెంకట్రామయ్య వర్గం. ఈ వర్గంవాడు ఆ వర్గంవాడింట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. పూర్వం రాయబారానికి వెళ్ళినవాడికి విషం పెట్టిన సీమ ఇది. ఆ సంగతి ఇక్కడ పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. అందుకని జాగ్రత్త.

అయితే బావా బావమరుదుల మధ్య గొడవ రాజకీయంతో మొదలవలేదు. భోజనంతో మొదలైంది.

వెంకట్రామయ్య కూతురు నిఖిత పెళ్ళిలో మేనమామగా పెళ్ళికూతురిని గంపలో మోసుకొచ్చింది ఉపేంద్రే. నడుం కలుక్కుమన్నా దించకుండా తెచ్చి పీటల దగ్గర దించాడు. తాళి కట్టారు, తలంబ్రాలయ్యాయి. భోజనాల వేళకి వెంకట్రామయ్య పందిట్లో నిలబడి, "లేవండి మాస్టారూ, లేవయ్యా కరణంగారబ్బాయ్" అని పేరుపేరునా లేపాడు. ఉపేంద్ర కుర్చీలో కూర్చుని తన పేరు కోసం చూశాడు. మొదటి బంతి లేచింది. రెండో బంతీ లేచింది. మూడో బంతికి వడ్డించేవాళ్ళే కూర్చున్నారు. ఉపేంద్ర కండువా దులుపుకుని ఖాళీ కడుపుతో ఇంటికొచ్చేశాడు.

"ఇంటోణ్ణి పిలిచేదేంది? భోజనాలకి లేవండి అని అందర్నీ అన్నా గదా, అందర్లో వాడు లేడా?" అని వెంకట్రామయ్య వాదన.

"గంప మోసినోడికి విస్తరి లేకపోయింది. నోరారా పేరెట్టి పిలిస్తే పోతా. పిలవకపోతే ఆ ఇంట్లో ఏం జరిగినా పోను" అని ఉపేంద్ర శపథం.

ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగితే ఊరు ఈనాటికీ చెప్పలేదు. పదేళ్ళు దాటిపోయింది. తల్లి పోయాక తనను పెంచిన అక్కను ఉపేంద్ర డాబా ఎక్కి దూరంనుంచి చూడడమే తప్ప పలకరించింది లేదు. ఆమె మిద్దెమీద వడియాలు పెడుతుంటే ఈయన ఇక్కడ వాటర్ ట్యాంకు మూత తీసి చూస్తున్నట్టు నటించేవాడు. ఆ ట్యాంకులో ఏముందని అంతసేపు చూస్తాడో కూలివాళ్ళకు అర్థమయ్యేది కాదు.

ఇలా ఉండగా నరసరావుపేటనుంచి అబ్దుల్ రహీమ్ వచ్చాడు. రహీమ్ మిర్చి ఎగుమతిదారు. ఊళ్ళో రెండు బజార్లలోనూ టీ తాగగలిగిన ఒకే ఒక్క మనిషి. రేటు చెప్పేవాడి టీలో ఎవడు విషం కలుపుతాడు?

"ఉపేంద్రన్నా, నీకు పదవి తెచ్చా."

"ఏం పదవి?"

"గౌరవ కాన్సుల్. కరోబా అని సముద్రం మధ్యలో దీవుల దేశం. చేపల కూరలో మన మిర్చే వాడతారు. మిర్చి పండే చోటే మా మనిషి ఒకడు గౌరవంగా ఉండాల అంటున్నారు."

"జీతం?"

"ఉండదు."

"జీతం ఎవడిక్కావాలయ్యా! బోర్డు ఉంటదా?"

"మనమే చేయించుకోవాల. కారుకి జెండా గూడా కట్టుకోవచ్చు."

"మరి ఓట్లు?"

"ఈ పదవికి ఓట్లుండవన్నా."

ఓట్లు లేని పదవి ఒకటి లోకంలో ఉందని వినగానే ఉపేంద్రకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఆ ముక్క ఎవడూ చెప్పలేదు.

కాన్సులంటే హైదరాబాదులోనో చెన్నైలోనో ఉండాలి గానీ నడిగడ్డపాలెంలో ఏమిటని మీరడగొచ్చు. కరోబావాళ్ళకు మన దేశం పటంలో అరచేయంత. అందులో ఏది ఊరో ఏది నగరమో వాళ్ళకేం తెలుసు? మనకు కరోబా గురించి తెలిసింది మాత్రం ఎంత గనక?

సిమెంటు పలకమీద ఇత్తడి బోర్డు వెలిసింది. బాణసంచా కాల్చారు. నీలం గుడ్డమీద ఎర్ర పీత బొమ్మతో జెండా ఎగిరింది. కోటుకు పెట్టుకోవడానికి పీత బిళ్ళ కూడా పంపారు. ఉపేంద్ర దాన్ని లుంగీ మీదున్నా చొక్కాకు గుచ్చుకునేవాడు. తూర్పు బజారు ముసలమ్మలు వచ్చి కరోబా పింఛను ఎప్పటినుంచి ఇస్తారని అడిగారు. ఒకాయన బోరు మంజూరు చెయ్యమని అర్జీ పెట్టాడు. ఉపేంద్ర అన్నిటిమీదా సంతకం పెట్టి, "పైకి పంపుతున్నా" అన్నాడు. పైన సముద్రమే ఉంది.

నెల తిరక్కముందే పడమటి బజారులోనూ బాణసంచా పేలింది. వెంకట్రామయ్య తలోనియా దేశానికి గౌరవ కాన్సుల్ అయ్యాడు. అది చలికొండల దేశం, జెండామీద మేక. ఉపేంద్ర రహీమ్‌కు ఫోన్ చేసి నానా తిట్లూ తిట్టాడు.

"వాళ్ళు గూడా మన మిర్చి కొంటారన్నా. వాళ్ళకీ ఒక గౌరవమైన మనిషి కావాల గదా."

"గౌరవమైన మనిషి ఊళ్ళో ఇంకోడు దొరకలేదా?"

"నువ్వు అవతల దేశానికి అయిపోయావు గదన్నా, ఇంకెవరున్నారు?" అన్నాడు రహీమ్. ఆ మాటతో ఉపేంద్ర సగం చల్లబడ్డాడు.

ఆనాటినుంచి తూర్పు బజారు పీత పార్టీ, పడమటి బజారు మేక పార్టీ అయ్యాయి. కొన్నాళ్ళు బాగానే గడిచింది. కరోబా జాతీయ దినానికి తూర్పున పులిహోర పంచితే, తలోనియా జాతీయ దినానికి పడమట చక్కెర పొంగలి పంచారు. జాతీయగీతం ఎవరికీ రాదు కనుక సెల్‌ఫోన్‌లో పెట్టి, అయిపోయేదాకా ఎండలో నిలబడ్డారు. తలోనియా గీతం మరీ పొడుగు. ఇద్దరు సొమ్మసిల్లారు.

ఒకరోజు రహీమ్ ఫోన్ చేశాడు. "అన్నా, కొంప మునిగింది. రెండు దేశాలకీ చెడింది. రాయబారుల్ని వెనక్కి పిలుచుకున్నారు."

"ఎందుకంట?"

"కరోబా ఎండుచేపలమీద తలోనియా పన్ను పెంచింది. తలోనియా జున్ను రానివ్వమని కరోబా తిరగబడింది. సుంకాల గొడవ."

ఉపేంద్ర నమ్మలేదు. "చేపలకీ జున్నుకీ ఎవడన్నా మాటలు మానేస్తాడంటయ్యా! అసలు సంగతేందో చెప్పు."

రహీమ్‌కు మిర్చి లారీ లోడింగు ఉంది. ఇలా అడిగేవాడికి ఏం చెబితే ఫోన్ పెట్టేస్తాడో ఆయనకు బాగా తెలుసు. "తలోనియాలో విందుకి పోతే కరోబా అధ్యక్షుణ్ణి పేరెట్టి భోజనానికి పిలవలేదంటన్నా" అన్నాడు.

"అదీ!" అని ఉపేంద్ర మంచంమీదనుంచి లేచాడు. "అట్టా చెప్పు. మరి తినకుండా లేచొచ్చాడా లేదా?"

"వచ్చాడన్నా."

"మగాడు."

అంతర్జాతీయ వ్యవహారాలు అర్థం కావని ఎవరంటారు? కరోబా అధ్యక్షుడి ముఖం కూడా ఎరగని ఉపేంద్రకు ఆ క్షణాన ఆయన తోడబుట్టినవాడి కన్నా ఎక్కువయ్యాడు. ఆ సాయంత్రమే బజారంతటినీ పిలిచి ఆంక్షలు ప్రకటించాడు. మేక పార్టీ ట్రాక్టరు తూర్పు బజారులోకి రాకూడదు. పీత పార్టీ మనిషి పడమటి బజారు మంగలి దగ్గర గడ్డం గీయించుకోకూడదు. పడమటి బజారులో ఉన్న పంచాయతీ మంచినీళ్ళ ప్లాంటునుంచి ఒక్క క్యాను కూడా తేకూడదు, నీళ్ళు రెంటచింతలనుంచి ఆటోలో వస్తాయి. వెంకట్రామయ్య ఊరుకుంటాడా? సిమెంటు రోడ్డు మీది స్పీడ్ బ్రేకరును సరిహద్దు అన్నాడు. దాటిన గేదెల్ని బందెలదొడ్డిలో కట్టేయించాడు. ఎవరి గేదెకు ఏ దేశమో తెలియడం కోసం కొమ్ములకు రంగులు వేశారు. తెల్లారేసరికి రంగులు నాకేసుకుని గేదెలన్నీ ఏ దేశానికీ చెందకుండా పోయాయి.

ఉపేంద్రకు జీవితంలో ఇంత సంతోషం ఎన్నడూ లేదు. ఆ సంతోషాన్ని భార్య సుబ్బరత్నమ్మ ఒక్క మాటతో ఆర్పేసింది.

"ఆ ప్లాంటు నీళ్ళు ఎందుకు మాన్పించావయ్యా?"

"ఆంక్షలే. దేశాల మధ్య అట్టానే ఉంటది."

"నీ పీత దేశం పాడుగాను! అక్కడే గదా వదినా నేనూ నాలుగు మాటలు మాట్టాడుకునేది. క్యాను నిండేదాకా దొరికిన కాస్త టైమూ పోగొట్టావు."

ఉపేంద్ర బిత్తరపోయాడు. పెళ్ళాం ఇన్నేళ్ళుగా శత్రు దేశంతో మంతనాలు జరుపుతోందని ఆయనకు తెలియదు.

"అక్క నా గురించి అడిగేదా?"

"అడక్క? రోజూ అడిగేది. వచ్చేవారం గుంటూరు తీసుకపోతన్నారంట. గుండె కోసి ఆపరేషను చేస్తారంట. తమ్ముణ్ణి ఒక్కసారి చూసి పోవాలనుందే అంది. అదే ఆఖరు మాట. మర్నాటినుంచి నువ్వు ఆంక్షలు పెట్టావు."

ఉపేంద్ర ఆ పూట అన్నం తినలేదు. డాబా ఎక్కి ట్యాంకు మూత తీశాడు. అవతల మిద్దెమీద ఎవరూ లేరు. పోయి చూసొస్తే ఏం పోతుంది అని మనసు లాగింది. ఆ ఇంట్లో ఏం జరిగినా పోనన్న మాట నలుగురిలో అన్నది తనే. అక్క ఆపరేషనుకు పోతుంటే ఆ మాటే దారికి అడ్డం పడింది. పిలవని ఇంటికి పోవడం ఈ సీమలో చావు కన్నా కష్టం. అంత కష్టం ఎందుకో మాత్రం ఆ రోజు ఆయనకు గుర్తు రాలేదు.

దేవుడున్నాడో లేదో గానీ రహీమ్ ఉన్నాడు. మూడోనాడు రెండు దేశాలూ రాజీపడ్డాయి. చేపలమీద పన్ను తగ్గింది, జున్ను దారి తెరుచుకుంది. రెండు రాజధానులనుంచీ ఒకటే హుకుం వచ్చింది: ఇద్దరు కాన్సుళ్ళూ ఉన్నచోట ఒకరికొకరు విందు ఇచ్చుకుని, ఆ ఫొటో పంపాలి. పంపని కాన్సులు పదవి ఊడుతుంది.

రహీమ్ స్కూటరు మీద స్పీడ్ బ్రేకరుకు అటూ ఇటూ తిరిగాడు. ముందు విందు పెట్టాల్సింది పిలవని దేశం కనుక తలోనియా ఇంట్లోనే అన్నాడు ఉపేంద్ర. ఒప్పుకున్నాడు వెంకట్రామయ్య. గుమ్మంలో నిలబడి పేరుపెట్టి పిలవాలన్నాడు ఉపేంద్ర. దానికి వెంకట్రామయ్య ససేమిరా అన్నాడు.

"ఇప్పుడు పిలిస్తే అప్పుడు పిలవలేదని ఒప్పుకున్నట్టేగా? నేను పిలవను."

"నువ్వు పిలవబాక సాబ్" అన్నాడు రహీమ్. "తలోనియా పిలుస్తది. కాయితంలో రాసిస్తా, చదువు. నోరు నీది, పిలుపు దేశానిది."

వెంకట్రామయ్య చానాసేపు ఆలోచించి, ఇందులో తన పరువుకేం నష్టం లేదని తేల్చుకున్నాడు. ఉపేంద్ర అయితే ఆలోచించనే లేదు. అక్క ఉన్న ఇంటికి కరోబా కాదు, ఏ దేశం తీసుకుపోయినా పోయేవాడే.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో, ఉపేంద్ర కోటు తొడిగాడు. కాలినడకన ఐదు నిమిషాల దూరానికి జెండా కట్టిన కారులో బయల్దేరాడు. వెనక పీత పార్టీవాళ్ళు సొంత నీళ్ళ క్యాన్లు మోసుకుంటూ వచ్చారు. అవతల వెంకట్రామయ్య ఎర్ర తివాచీ పరిపించాడు. తివాచీ ఎక్కడిది, మిరపకాయలు ఆరబోసే పట్టాలు. వాటిని దులపాలని ఎవరికీ తోచలేదు. ఉపేంద్ర అడుగు పెట్టగానే ఘాటు లేచింది. కాన్సులు తుమ్మాడు. వెనకున్న పరివారం తుమ్మింది. ఎదురున్న మేక పార్టీ తుమ్మింది. రెండు దేశాల సత్సంబంధాల కోసం సెల్‌ఫోన్‌లో పెట్టిన తలోనియా గీతం ఆ తుమ్ముల్లో ఎవరికీ వినబడలేదు.

వెంకట్రామయ్య గుమ్మంలో నిలబడి కళ్ళజోడు సర్దుకుని కాగితం విప్పాడు.

"కరోబా గణతంత్ర రాజ్య గౌరవ కాన్సుల్, శ్రీయుత ఉపేంద్ర గారిని, తలోనియా రాజ్యం సగౌరవంగా భోజనానికి ఆహ్వానిస్తోంది."

పేరు వచ్చింది. పదేళ్ళుగా ఎదురుచూసిన పేరు. కానీ ఉపేంద్రకు లోపల ఏమీ కదల్లేదు. కరెంటు బిల్లు మీద పేరు చదివినట్టుంది. అయినా చెప్పులు విప్పి లోపలికి నడిచాడు.

విస్తరి ముందు కూర్చున్నాక వంటింట్లోంచి సరస్వతమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. సగమైపోయింది మనిషి. తమ్ముణ్ణి చూసి, "ఏందిరా, ఎండలో ఈ కోటేందిరా" అంది. అంతే. ఉపేంద్ర కోటు విప్పి పక్కన పెట్టాడు. పీత బిళ్ళ దానికే ఉంది. కళ్ళనీళ్ళు కారుతుంటే మిర్చి ఘాటని కండువాతో తుడుచుకున్నాడు.

ముద్దపప్పు వడ్డించింది. గోంగూర వడ్డించింది. నెయ్యి వేసింది. పీత పార్టీవాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూస్తున్నారు. ఒకడు ఉండబట్టలేక, "అన్నా, ముందర ఎవరన్నా తిన్నాక..." అన్నాడు.

సరస్వతమ్మ వాడివైపు చూసింది. తమ్ముడి విస్తరిలోంచి చిన్న ముద్ద తీసి నోట్లో వేసుకుంది. "నన్ను ఉప్పు తినొద్దన్నారు డాక్టర్లు. మీ దేశం కోసం ఈ పూటకి తిన్నా. చాలా?" అంది.

వాడు వెనక్కి తగ్గాడు. ఉపేంద్ర తినడం మొదలుపెట్టాడు. వెంకట్రామయ్య ఎదురు విస్తరిలో తలవంచుకుని కూర్చున్నాడు. రహీమ్ ఫొటోలు తీస్తున్నాడు. పప్పన్నం అయింది, పులుసన్నం అయింది. అప్పుడు రహీమ్ ఫోన్ మోగింది. అటునుంచి ఎవరో చెప్తుంటే ఆయన ముఖం పాలిపోయింది.

"అన్నా... మళ్ళీ చెడింది. జున్నులో పురుగులున్నాయని కరోబా ఓడని తిప్పి పంపింది. తలోనియా సరిహద్దు మూసేసింది. కరోబా మనుషులు తలోనియా గడ్డమీద ఎక్కడున్నా తక్షణం లేచి రావాలంట. లేవకపోతే పదవి పోద్ది."

వాకిట్లో గోల మొదలైంది. "లే అన్నా! లే!" అని పీత పార్టీ. "ఇంకా కూర్చోబెట్టావేంది, గెంటు!" అని మేక పార్టీ. నీళ్ళ క్యాన్లు లేచాయి. ఎవడో జెండా కర్ర పీకాడు. సరస్వతమ్మ పెరుగు గిన్నె చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. పెళ్ళినాడు కూడా ఆమె ఇలాగే పందిట్లో గిన్నె పట్టుకుని, లేచి వెళ్ళిపోతున్న తమ్ముడి వీపు చూస్తూ నిలబడింది.

ఉపేంద్ర ఎంగిలి చేత్తోనే కోటును రహీమ్ వైపు తోశాడు.

"ఆ పీతను తీసుకపో. కరోబా లేస్తే లేవనియ్. నేను పెరుగన్నం తినకుండా లేవను."

"బోర్డు పోద్దన్నా!"

"పోనియ్. పిల్లోళ్ళకి వికెట్లు లేక ఇబ్బందిగా ఉంది."

గోల ఆగింది. ఇప్పుడందరి కళ్ళూ వెంకట్రామయ్య మీద పడ్డాయి. శత్రు దేశం మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి మేపితే ఆయన పదవి కూడా పోయినట్టే. ఆయన లేచాడు. కాగితం కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ఈ సందర్భానికి రహీమ్ ఏమీ రాసివ్వలేదు. కాగితం లేని వెంకట్రామయ్య పెళ్ళాం ముఖం చూశాడు, ఆమె చేతిలోని పెరుగు గిన్నె చూశాడు, విస్తరి ముందు మొండిగా కూర్చున్న బావమరిదిని చూశాడు. దగ్గాడు.

"ఒరేయ్ ఉపేంద్రా" అన్నాడు. "తినరా. మీ అక్కకి చెయ్యి నొప్పెడతది, విస్తరి ముందుకు జరుపు."

"ఏంది బావా, వినపళ్ళా" అన్నాడు ఉపేంద్ర తలెత్తకుండా.

"అన్నం తినరా ఉపేంద్రా అంటన్నా!" అని వెంకట్రామయ్య పెళ్ళిపందిట్లో అరిచినంత గట్టిగా అరిచాడు.

ఉపేంద్ర విస్తరి ముందుకు జరిపాడు. సరస్వతమ్మ పెరుగు వేసింది.